కోడె పడ్డాక కాల్చిన తూటాలు

నేను తుపాకీ కాల్చింది జీవితంలో ఒక్కసారే. అది మాగ్నం రివాల్వర్. అందులో ఉన్న ఆరు తూటాలూ నేనే కాల్చాను. మొదటి మూడూ ఎందుకు కాల్చానో ఎవరడిగినా చెప్పగలను. మిగతా మూడింటి సంగతి చెప్పడానికే ఇన్నేళ్ళు పట్టింది.

తొంభైల మొదట్లో మస్కట్ అవతల రుస్తాఖ్ దగ్గర ఒక తోటలో పనిచేసేవాణ్ణి. ఖర్జూరం, నిమ్మ, ఓ నాలుగు మడుల్లో పశువుల గడ్డి. పనివాళ్ళం ఇద్దరమే. నేను కాక రెండో ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద. వాళ్ళది వేములవాడ పక్క ఊరు, మాది జగిత్యాల వైపు. చుట్టరికం ఏమీ లేదు. నేను పెట్టె దించిన రోజే "ఏ ఊరు బామ్మర్దీ మనది?" అని పలకరించాడు. నేను బావా అన్నాను. అప్పటినుంచి ఆయన నాకు బావే. వంట ఆయనది, అంట్లు నావి.

మా అర్బాబ్, అంటే తోట యజమాని, మిలిటరీలో చేసి దిగిపోయిన మనిషి. ఎప్పుడో కొండల్లో జరిగిన లడాయిలో ఎడమ చేతి వేళ్ళు రెండు పోయాయి. బలూచీ సిపాయిలతో ఏళ్ళ తరబడి తిరిగినందువల్ల ఉర్దూ మాకంటే బాగా మాట్లాడేవాడు. కోపం వస్తే అరబ్బీ, మంచిగా ఉంటే ఉర్దూ. ఆయన పికప్ సీటు కింద గళ్ళ గుడ్డలో చుట్టి ఒక రివాల్వర్ ఉండేది. దేశం వదిలి వెళ్ళిపోతూ ఒక ఇంగ్లీషు ఆఫీసర్ ఇచ్చాడట. "మాగ్నం" అనేవాడు అర్బాబ్, కొడుకు పేరు చెప్పుకున్నట్టు. నెలకో రెండు నెలలకో తోట వెనకున్న ఎండిన వాగులోకి పోయి నెయ్యి డబ్బాలను నిలబెట్టి కాల్చేవాడు. ఆ చప్పుడు కొండకు కొట్టుకుని మళ్ళీ మా మీదికి వచ్చేది. మామూలు తుపాకీ చప్పుడు కాదది, ఎవరో ఇనుప గేటును తన్నినట్టు ఉండేది.

ఆ చప్పుడు వినబడితే నేను ఎక్కడున్నవాణ్ణి అక్కడే కూలబడేవాణ్ణి. చేతిలో కొడవలి ఉంటే జారిపోయేది. బావ చూసి నవ్వేవాడు. "ఏందిరా, ఆడపిల్ల లెక్క భయపడ్తవ్?" నేను చెప్పేవాణ్ణి కాదు.

చెప్పాలంటే ఊళ్ళో సంగతి చెప్పాలి. అప్పుడు మా దిక్కు వయసులో ఉన్న పిల్లలను పోలీసులు ఎత్తుకుపోవడం మామూలు. అన్నలకు అన్నం పెట్టింది ఎవరో చెప్పమని నన్ను రెండు రోజులు స్టేషన్లో ఉంచారు. మా ఇంట్లో ఎవరూ పెట్టలేదు. లేదని చెప్పినకొద్దీ అరికాళ్ళ మీద కొట్టారు. రెండో రోజు పొద్దున ఎస్సై కుర్చీ దగ్గరికి జరుపుకుని, తన రివాల్వర్ గొట్టం నా నోట్లో పెట్టాడు. పళ్ళకు తగిలి ముందు పన్ను ఒకటి విరిగింది. నూనె వాసన. ఆయన ఒక్క మాట కూడా అడగలేదు, అలా చూస్తూ కూర్చున్నాడు. నేను లాగులో పోసుకున్నాను. అందరూ నవ్వారు. సాయంత్రానికి వదిలేశారు. మా మేనమామ అప్పటికే గల్ఫ్‌లో ఉండడంతో నాలుగు నెలల్లో వీసా పంపాడు. అరికాళ్ళ వాపు తగ్గిపోయింది, పన్ను మాత్రం సగమే మిగిలింది. ఎవరడిగినా సైకిల్ మీదనుంచి పడ్డానని చెప్పేవాణ్ణి.

ఇక కోడె సంగతి. బాతినా తీరంలో చలికాలం శుక్రవారాలు కోడెల పందాలు పెడతారు. మనుషులతో కాదు, కోడెకూ కోడెకూ. తలలు ఢీకొట్టించి, ఏది వెనక్కి తిరిగితే అది ఓడినట్టు. మా అర్బాబ్ దగ్గర ఒక నల్ల కోడె ఉండేది. మూపురం నా భుజం కంటే ఎత్తు. మెడ చుట్టూ చేతులు వేస్తే రెండు చేతులూ అందేవి కావు. దానికి మేత బావే పెట్టేవాడు. ఖర్జూరాలు, ఎండు చేపలు కలిపి పెద్ద డేగిసాలో ఉడకబెట్టి, చల్లార్చి, ముద్దలు చేసి నోట్లో పెట్టేవాడు. చేపలు తినే కోడెను నేను అక్కడే చూశాను. బావ మాత్రం దాన్ని రాజన్న కోడె అనేవాడు. వేములవాడలో మొక్కు చెల్లించడానికి గుడి చుట్టూ తిప్పుతారు చూడండి, అట్లాంటి కోడె ఇక్కడ నా చేతికి దొరికిందని మురిసేవాడు. సోమవారం దాని నుదుట పసుపు పెట్టేవాడు. అర్బాబ్ చూసి కూడా ఏమనేవాడు కాదు.

ఆ ఏడాది జరిగిన మూడో పందెంలో అది ఓడిపోయింది. సముద్రం వైపు ఒక మైదానం, చుట్టూ బండ్లు ఆపి వాటి మీద జనం. ఎదుటి కోడె ఎర్రది, పొట్టిది. రెండూ తలలు ఆనించి మట్టి లేపుతూ నిలబడ్డాయి. ఎముకకు ఎముక తగిలిన చప్పుడు మాకు వినబడింది. ఎర్రది ఒక్కసారి తల పక్కకు తిప్పి కింది నుంచి ఎత్తింది. మా దాని ఎడమ కంట్లో కొమ్ము దిగింది. అది అరవలేదు. వెనక్కి తిరిగి, తాడు పట్టుకున్న నలుగురినీ ఈడ్చుకుంటూ జనంలోకి పరుగెత్తింది. ఒక ముసలాయన కాలు తొక్కింది.

కన్ను పోయింది. వాచి, చీము పట్టింది. పశువుల డాక్టర్ వచ్చి సూది వేసి, రోజుకు రెండుసార్లు కడిగి మందు పెట్టమన్నాడు. ఆ పని బావదే. నాలుగు రోజులు అది ఓర్చుకుంది. అయిదో రోజు మధ్యాహ్నం నేను కాలువ గట్టున గడ్డి కోస్తుంటే కొట్టం లోపలినుంచి బావ కేక వినబడింది. ఒకటే కేక, మధ్యలో తెగిపోయింది.

పరుగెత్తాను. మా కొట్టం ముందు రాతి గోడ కట్టిన వాకిలి ఉంటుంది, మధ్యలో సిమెంటు నీళ్ళ తొట్టి. బావ దాని చూపు లేని వైపునుంచి దగ్గరికి పోయాడు. చెయ్యి తగలగానే అది బెదిరింది. నేను వెళ్ళేసరికి ఆయన్ను గోడకు అదిమిపెట్టి తలతో గుద్దుతోంది. గుద్దిన ప్రతిసారీ బావ నోట్లోంచి గాలి బయటికి వచ్చే చప్పుడు. తెంచుకున్న ముక్కుతాడు కింద వేలాడుతోంది. నేను పార తీసుకుని దాని వెన్ను మీద కొట్టాను. పార కర్ర విరిగింది. అది నన్ను చూడను కూడా చూడలేదు. బావను కొమ్ములతో ఎత్తి పారేసింది. ఆయన తొట్టికి అవతల పడి, పాక్కుంటూ తొట్టి పక్కకు చేరాడు. కడుపు దగ్గర బనీను ఎర్రగా తడిసింది.

అప్పుడే అర్బాబ్ పికప్ వచ్చింది. హారన్ కొడుతూ నేరుగా వాకిట్లోకి తెచ్చాడు. కోడె తిరిగి బండిని గుద్దింది. ఆయన అప్పుడే దిగబోతున్నాడు. తలుపు మూసుకుపోయి కుడి చెయ్యి మోచేతి దగ్గర నలిగింది. ఆ విరిగిన చప్పుడు నేను విన్నాను. కోడె మళ్ళీ తొట్టి దగ్గరికి పోయింది. అర్బాబ్ సీటు మీదనుంచి నేలమీదికి జారి, ఎడమ చేత్తో గళ్ళ గుడ్డను బయటికి లాగాడు. మూడు వేళ్ళతో పట్టుకుని ఎత్తబోతే రివాల్వర్ చేతిలోంచి జారిపోయింది.

"నువ్వు తీసుకో" అన్నాడు.

"నాకు రాదు అర్బాబ్."

"తీసుకో! రెండు చేతులతో పట్టు. బొటనవేలితో వెనకది లాగు. తర్వాత వేలు నొక్కు."

తీసుకున్నాను. అంత బరువు ఉంటుందనుకోలేదు. రోకలి ముక్కను చేత్తో పట్టుకున్నట్టు ముందుకు వంగిపోయింది. నోట్లోకి పాత నూనె వాసన వచ్చింది. వెనకున్న ఇనుప ముక్కను లాగాను. కోడె తొట్టి మీదికి వంగి బావ కోసం కొమ్ము ఆడిస్తోంది. దాని వైపు చూపించి, కళ్ళు మూసుకుని నొక్కాను.

పేలిన చప్పుడు నాకు చప్పుడులా తెలియలేదు. తల లోపల ఎవరో సమ్మెట దించినట్టు తెలిసింది. చేతులు రెండూ తలపైకి ఎగిరిపోయాయి. తిరిగి వచ్చిన తుపాకీ నుదుటికి తగిలి చర్మం చీలింది. బొటనవేలికీ చూపుడు వేలికీ నడుమ చర్మం ఊడింది. ఎదురుగా గోడలో ఒక రాయి పగిలి పొడి లేచింది. తూటా కోడెకు తగలలేదు. చెవుల్లో సన్నటి ఈల మొదలైంది. అంతే, లోకం మూగబోయింది.

అర్బాబ్ నా వైపు చూసి ఏదో అరుస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ఆగు, దాన్ని తిరగనివ్వు, బావ అవతల ఉన్నాడని అంటున్నాడట. అది నాకు తర్వాత తెలిసింది. ఆ క్షణాన నాకు తెలిసింది ఒక్కటే. నేను భయపడటం లేదు. నుదుటి నుంచి రక్తం కంట్లోకి కారుతోంది, చేతులు మండుతున్నాయి, నాకు భయం లేదు. ఊళ్ళో స్టేషన్ నుంచి బయటికి వచ్చాక మొదటిసారి. మళ్ళీ లాగాను. ఈసారి కళ్ళు తెరిచే, మెడకు చూపించి నొక్కాను.

మెడ మీద పిడికిలంత రంధ్రం పడింది. కోడె ఊగింది. తల తిప్పి ఒంటి కన్నుతో నన్ను చూసి నా మీదికి వచ్చింది. నాలుగడుగుల దూరంలో మూడోది కాల్చాను. నుదుట, బావ పసుపు పెట్టే చోట. ముందుకాళ్ళు రెండూ ఒకేసారి మడిచి, మూతి నేలకు కొట్టుకుంటూ నా కాళ్ళ ముందు పడింది.

అక్కడితో ఆపాల్సింది. అది పడిపోయింది. పక్కటెముకలు ఎగసిపడుతున్నాయి కానీ లేచే పరిస్థితి లేదు. నేను దాని తల పక్కకు జరిగాను. చెవి వెనక ఒకటి కాల్చాను. తల నేలమీద ఎగిరి పడింది. మెడలోకి ఇంకొకటి. నా ముఖం మీదా నోట్లోనూ రక్తపు చుక్కలు వెచ్చగా పడ్డాయి, ఉమ్మేశాను. చూపున్న కంట్లోకి ఇంకొకటి. నేను ఏదో అరుస్తున్నాను, ఏం అరిచానో నాకు వినబడలేదు. తూటాలు అయిపోయాక కూడా లాగుతూ, నొక్కుతూనే ఉన్నాను. అర్బాబ్ మోకాళ్ళ మీద వచ్చి, మూడు వేళ్ళ చేత్తో నా మణికట్టు పట్టుకుని తుపాకీ లాక్కున్నాడు.

అప్పుడు తల ఎత్తి చూస్తే తొట్టి పక్కన బావ నోరు పెద్దగా తెరిచి ఉంది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. కోడె కోసం ఏడుస్తున్నాడనుకున్నాను. ఇంకా దగ్గరికి పోయాక చూశాను. కుడి కాలు చీలమండ దగ్గర లేదు. అంటే ఉంది, తోలుకు వేలాడుతోంది. రెండో తూటా కోడె మెడలోంచి దూరి, అవతలికి వచ్చి, అడ్డంగా ఉన్న ఆయన కాలును పట్టుకుపోయింది. ఆయన అప్పటినుంచీ అరుస్తూనే ఉన్నాడు. నాకే వినబడలేదు.

అర్బాబ్ తలకు కట్టుకున్న గుడ్డతో మోకాలి కింద గట్టిగా బిగించాను. పక్క తోట వాళ్ళు చప్పుడు విని వచ్చారు. మమ్మల్ని ముగ్గురినీ బండిలో వేసుకుని రుస్తాఖ్ ఆసుపత్రికి తీసుకుపోయారు.

సాయంత్రం పోలీసులు వచ్చారు. ఆసుపత్రి వరండాలో బెంచీ మీద నన్ను కూర్చోబెట్టి అడిగారు. చెవిలో ఈల మీదుగా మాటలు కొద్దికొద్దిగా వినబడుతున్నాయి. అర్బాబ్ చేతికి కట్టుతో లోపలినుంచి వచ్చి నిలబడ్డాడు.

"నేను కాల్చాను. ఎడమ చేత్తో. గురి తప్పింది" అన్నాడు.

పోలీసాయన నా చేతిని చూశాడు. ఊడిన చర్మం, నుదుటి మీద చీలిక.

"ఇది ఎట్లా అయింది?" అని ఉర్దూలో అడిగాడు.

"తాడు కోసుకుపోయింది."

"నుదురు?"

"కింద పడ్డాను."

చాలాసేపు చూశాడు. నేను నేల వైపు చూస్తూ కూర్చున్నాను. దెబ్బ పడుతుందనుకున్నాను. ఆయన లోపలికి పోయి ఒక కప్పు చాయ్ తెచ్చి నా పక్కన పెట్టి, రాసుకున్న కాగితం మడిచి వెళ్ళిపోయాడు. ఆ చాయ్ తాగలేకపోయాను. నేరం తన మీద ఎందుకు వేసుకున్నాడని చాలా రోజుల తర్వాత ఒకసారి అర్బాబ్‌ను అడిగితే, "తుపాకీ నాది, నీ చేతికి ఇచ్చింది నేను" అన్నాడు, అంతే. దాన్ని పోలీసులు తీసుకుపోయారు. వెనక్కి అడగనని రాసిచ్చాడట.

బావ కాలు చీలమండ పైదాకా తీసేశారు. పక్కటెముకలు మూడు విరిగాయి. వారం తర్వాత నన్ను ఆయన దగ్గరికి పోనిచ్చారు. మలయాళీ నర్సు మంచం పైకి లేపి దిండు ఆనించి పోయింది. నేను పండ్లు తీసుకుపోయాను. ఆయన చేతిలోకి కూడా తీసుకోలేదు.

"గోలి నీదే గదా?" అన్నాడు.

నేను పండ్ల సంచి మంచం కింద పెట్టాను.

"అర్బాబ్ కింద కూసున్నడు. నేను సూసిన. ఎందుకు దాస్తవ్?"

"నాదే బావా. నాకు వినబడలే. ఆయన ఆగుమన్నది వినబడలే."

"కాలు సంగతి ఇడిశిపెట్టు. నువ్వు గాల్చకుంటే పానమే పోతుండె. దానికి నేనేమన." కిటికీ వైపు తిరిగాడు. "పడ్డంక గూడ ఎందుకు గాల్చినవ్‌రా? మూడుసార్లు. అది నా దిక్కే సూస్తున్నది. నా చేతి ముద్ద తిన్న కోడె అది. దాని కంట్ల ఎందుకు గాల్చినవ్?"

నాకు అబద్ధం ఏదీ దొరకలేదు. స్టేషన్ సంగతి చెప్పాను. అరికాళ్ళూ, నోట్లో గొట్టమూ, తడిసిన లాగూ, నవ్వులూ. ఎవరికీ చెప్పనివి ఆ ఆసుపత్రి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని చెప్పాను. మధ్యలో ఏడుపు వచ్చింది. బావ చివరిదాకా విన్నాడు. వార్డులో పక్క మంచం ఆయన మా వైపు చూస్తున్నాడు.

"అంటే ఆల్లను ఏం జెయ్యలేక దాన్ని జేసినవ్" అన్నాడు బావ.

"అవు."

"మంచిగనిపిచ్చిందా?"

నేను తల వంచుకున్నాను. బాగుంది. ఆ మూడు తూటాలు కాలుస్తున్నంతసేపూ బాగుంది. అది ఆయనకు చెప్పడానికి నోరు రాలేదు, ఆయనకు అర్థమైందనుకుంటాను. నీళ్ళు అడిగాడు. గ్లాసు పట్టి తాగించాను. తాగాడు.

రెండు నెలలకు ఆయన్ను ఇంటికి పంపారు. అర్బాబే స్వయంగా మస్కట్ ఎయిర్‌పోర్ట్ దాకా తీసుకుపోయాడు. కుర్చీ బండిలో కూర్చోబెట్టి తోసుకుంటూ లోపలికి పోయేటప్పుడు బావ వెనక్కి చూడలేదు. నేను ఆ తోటలో ఇంకో నాలుగేళ్ళు చేశాను. కొట్టంలో మళ్ళీ కోడెను తేలేదు. కుడి చెవి ఆ రోజునుంచి సరిగా వినబడదు. ఎవరైనా మాట్లాడితే ఎడమ చెవి అటు తిప్పుతాను.

సెలవు మీద వచ్చినప్పుడు ఆయన ఊరికి పోయాను. పోవద్దనుకుంటూనే బస్సెక్కాను. ఇల్లు దొరికింది. వాకిట్లో నాలుగు బర్రెలు. బావ పెట్టుడు కాలు తొడుక్కుని, బొచ్చెలో పాలు పిండుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టాడు. అక్క, అంటే ఆయన భార్య, అన్నం పెట్టింది. కోడి కోసింది. నేను రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే బావ అన్నాడు:

"గీయననే. నన్ను బతికిచ్చింది గీయననే. నా కాలు గొట్టింది గూడ గీయననే."

ఆమె చేతిలో కూర గరిటె ఉంది. అప్పటిదాకా కోడె తొక్కితే కాలు పోయిందనే ఆమెకు తెలుసు. ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది. గరిటె గిన్నెలో పెట్టి లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసింది.

"ఎందుకు జెప్పినవ్ బావా?"

"నువ్వు మా ఇంట్ల అన్నం తింటున్నవ్. ఎవరికి పెడ్తున్నదో ఆమెకు ఎర్కుండాలె."

తినమన్నాడు. తిన్నాను, విస్తరి ఖాళీ చేశాను. నేను బయలుదేరేదాకా ఆమె బయటికి రాలేదు. తలుపు ఇవతల నిలబడి పోయొస్త అక్కా అన్నాను. నా మంచి చెవి తలుపు వైపే ఉంది. జవాబు రాలేదు.

బావ బస్టాండు దాకా కుంటుకుంటూ వచ్చాడు. వద్దన్నా వినలేదు. పెట్టుడు కాలు రోడ్డు మీద టకటకమంటోంది. బస్సు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది.

"ఆమెకు జర టైం పడ్తది" అన్నాడు. "మల్లొచ్చినప్పుడు గూడ ఇంటికి రా. రాకుండ ఉండకు."

వెళ్ళాను. ఆ తర్వాతి సెలవులోనూ, దాని తర్వాతి సెలవులోనూ వెళ్ళాను. మూడోసారి ఆమె మంచినీళ్ళు తెచ్చి, నా చేతికి ఇవ్వకుండా, మంచం పక్కన అరుగు మీద పెట్టి పోయింది.